శేత్‌తళేలో నీళ్లెన్ని ఉన్నాయో ముందు కొలవండి

ప్రశ్న: మా శేత్‌తళే (పొలంలో తవ్విన నీటి గుంట) పొడవు 30 మీటర్లు, వెడల్పు 30, లోతు 3. బొచ్చె, రవ్వ కలిపి 2 వేల పిల్లలు వదిలాను. వారం నుంచి తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, ఎండెక్కితే సర్దుకుంటున్నాయి. మొప్పల తెగులని దుకాణదారు చెబితే ఘనపు మీటరుకు 2 గ్రాముల లెక్కన 5 కిలోల 400 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్ చల్లాను. మధ్యాహ్నానికి 40 చేపలు చచ్చిపోయాయి. మళ్లీ చల్లమంటున్నారు. చల్లాలా?
– ఒక రైతు, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర

జవాబు: చల్లొద్దు. ఎండెక్కగానే సర్దుకునేది తెగులు కాదు, ఆక్సిజన్ చాలకపోవడం. ఒక చేపను పట్టి మొప్ప ఎత్తి చూడండి. తెల్లగా పాలిపోయినా, కుళ్లినా అప్పుడు తెగులు మాట.

ఇక మీ లెక్క. 30×30×3 అంటే 2,700 ఘనపు మీటర్లు. గుంట నిలువు గోడల తొట్టి అయితే అది సరే. మీ గట్లు లోపలికి వాలుగా ఉన్నాయి కదా! పైగా మీరు పంపిన ఫొటోలో నీరు గట్టు అంచుకు నిలువునా మీటరు కిందికి దిగింది, ఎండి పగిలిన మట్టి చుట్టూ పట్టీలా కనిపిస్తోంది. ఒకటిన్నరకు ఒకటి వాలు (మీటరు లోతుకు గట్టు ఒకటిన్నర మీటర్లు లోపలికి రావడం) అనుకుంటే అడుగున 21 మీటర్లు, ఇప్పుడు నీటి అంచు దగ్గర 27. రెండూ కలిపి సగం చేస్తే 24. కాబట్టి 24×24×2, సుమారు 1,150 ఘనపు మీటర్లు, అంటే పదకొండున్నర లక్షల లీటర్లు. అడుగున బురద ఉంటే ఇంకా తక్కువ. మీ దుకాణదారు చెప్పిన 2 గ్రాముల లెక్కకే 2 కిలోల 300 గ్రాములు సరిపోయేది. మీరు వేసింది రెండింతలకు పైనే. గుంట ముఖమైనా చూడకుండా కిలోలు తూచి ఇచ్చే దుకాణదారును వైద్యుడనుకోకండి. సరుకు అమ్ముడైతే చాలు ఆయనకు.

ఈ రాత్రి నుంచే 3 గంటలకు మోటారు పెట్టి, గుంట నీటినే పైకి తోడి జల్లులా పడేలా ఎండెక్కేదాకా తిప్పండి. బోరు నీరుంటే అదీ కలపండి. నాలుగు రోజులు మేత, పేడ రెండూ ఆపండి. మోచేతి దాకా చెయ్యి నీళ్లలో పెట్టండి, అంతకు ముందే అరచెయ్యి కనబడకుండా పోతే నీటిలో పచ్చటి నాచు ఎక్కువైనట్టు, రాత్రిపూట ఆక్సిజన్‌ను అదీ వాడేస్తుంది. అసలు తప్పు 2 వేల పిల్లలు వదలడం. హెక్టారుకు 5 నుంచి 10 వేల లెక్కన ఇప్పుడున్న 27×27 మీటర్ల నీటికి 400–700 చేపలు చాలు. పెద్దవాటిని వల వేసి తీసేయండి.

గుంటలో నాలుగైదు చోట్ల వెదురు కర్ర దించి లోతు, టేపుతో నీటి అంచు, అడుగు వెడల్పు కొలవండి. అడుగుల్లో కొలిస్తే ఘనపు అడుగుకు 28.3 లీటర్లు. ఆ అంకెలు రాసి పంపితే గుంటలో సున్నం వేయాలా, ఎంత వేయాలన్న సంగతి అప్పుడు చెబుతాను.