మ్యూజిక్ తీసేసి ఆ మాటలు ఒకసారి చదవమనండి

ప్రశ్న: నమస్తే అక్కా. మా బాబు ఇంటర్ ఫస్టియర్. రెండు నెలల నుంచి ఎప్పుడు చూసినా చెవుల్లో ఇయర్‌ఫోన్స్, లవ్ ఫెయిల్యూర్ పాటలు. వాట్సాప్ స్టేటస్ నిండా అవే. అమ్మాయి నమ్మించి మోసం చేసింది, ఆడవాళ్లంతా ఇంతే, ఇవే మాటలు. ఏమైందిరా అంటే "ఏం లేదమ్మా, పాట మంచిగుందని పెట్టిన" అంటాడు. వాళ్ల నాన్న ఫోన్ గుంజుకుంటా అంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. నిజంగా పాటలకు పిల్లలు పాడవుతారా?
– ఒక అమ్మ, హన్మకొండ

జవాబు: ముందు ఫోన్ గుంజుకోవద్దని మీ వారికి చెప్పండి చెల్లెమ్మా. గుంజుకుంటే పాట ఆగదు, పక్కింటి పిలగాడి ఫోన్‌లో వింటాడు. ఇప్పుడు మీకు కనబడుతున్న స్టేటస్ రేపటి నుంచి మీ ఒక్కరికే కనబడకుండా పెడతాడు, అంతే.

అలాగని మీ భయం ఉత్తదే అని కూడా నేను అనను. మందు పాటల మీద అందరూ అరుస్తారు కానీ నాకు వాటికంటే ఈ లవ్ ఫెయిల్యూర్ పాటలంటేనే ఎక్కువ భయం. మందు పాట వినేవాడికి అది మందు పాట అని తెలుసు. ఇది ఏడుపుతో వస్తుంది, ఏడిచే మనిషిని ఎవరం అనుమానిస్తాం? పైగా మన యాసలో, మన ఊళ్లలోనే, మన పొలం గట్ల మీదే తీసినవి ఎన్నో, కాబట్టి పిల్లలకు అది సినిమాలా కాదు, పక్కవాడి కథలా అనిపిస్తుంది. ఆ కథ కూడా చాలావరకు ఒక్కటే. అబ్బాయి ప్రాణం పెట్టాడు, అమ్మాయి వేరే పెళ్లి చేసుకుంది, అబ్బాయి పెళ్లి పందిరి బయట నిలబడి ఏడుస్తున్నాడు. ఆ అమ్మాయి మాత్రం పాట మొత్తం మీద ఒక్క మాట మాట్లాడదు. ఎందుకు వద్దంది, అసలు ఎప్పుడైనా ఔనన్నదా, ఇంట్లో వాళ్లు బలవంతం చేశారా, ఎవరూ అడగరు. పదహారేళ్ల పిల్లాడు ఇదే కథ పొద్దస్తమానం వింటే, వద్దన్న అమ్మాయి అంటే మోసగత్తె అనే లెక్క వాడికి తెలియకుండానే లోపల కూర్చుంటుంది. నా భయం అదే.

2008 డిసెంబరులో మన వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన సంగతి మీ వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. దాన్ని నేను పాటల మీదికి నెట్టను, అప్పుడు ఈ పాటలూ లేవు, చేతిలో ఈ ఫోన్లూ లేవు. కానీ ఆ పని వెనకున్న ఆలోచన, వద్దంటే నన్ను అవమానించినట్టే అనే ఆలోచన ఉంది చూశారా, దానికి ఇప్పుడు ఎవరో ట్యూన్ కట్టి ఇస్తుంటే నేను ఊరుకోలేను.

పాట వినగానే మనిషి మారిపోతాడా అంటే అంత సులువుగా కాదు. 2003లో అమెరికాలో, అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కూడా కలిసి, 500 మందికి పైగా కాలేజీ పిల్లల మీద ఐదు ప్రయోగాలు చేసి చూశారు. హింస ఉన్న పాటలు విన్నాక వాళ్లలో కోపపు ఆలోచనలు పెరిగాయని తేలింది. అయితే అది ఎక్కువసేపు నిలవకపోవచ్చని కూడా వాళ్లే చెప్పారు. ఒక్క పాట అయితే సరే. కానీ మీ వాడు వినేది ఒక్క పాట కాదు కదా, రాత్రి పదకొండుకు ఒకటి వింటే దాని వెనకాల అలాంటిదే ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది. అందుకే ఆటోప్లే ఆపేయమనండి, వాచ్ హిస్టరీ క్లియర్ చేయమనండి. వాడు మీ ఫోన్‌లో కూడా చూస్తుంటే మీ ఫోన్‌లోనూ చేయండి, లేకపోతే ఆ పాటలు మీకూ వస్తూనే ఉంటాయి.

మా అన్న కొడుకు ఒకడు ఇట్లాగే ఉండేవాడు. ఒకరోజు భోజనం అయ్యాక వాడితో, ఆ పాట ఆపి మాటలు మాత్రం నాకు చదివి వినిపించు అన్నాను. నవ్వుతూ మొదలుపెట్టాడు. డప్పు లేదు, ఫ్లూట్ లేదు, ఫ్యాన్ చప్పుడు ఒక్కటే. రెండో చరణంలో ఆ పిల్ల పిల్లాపాపల్లేకుండా పోవాలని శాపం పెట్టే లైన్ ఉంది, అక్కడికి వచ్చేసరికి గొంతు తగ్గింది. వాళ్ల చెల్లె అక్కడే కూర్చుని నోట్స్ రాసుకుంటోంది మరి. ఆగిపోయి, కాసేపటికి "కానీ ట్యూన్ మంచిగుంది గదా అత్తా" అన్నాడు. ట్యూన్ నిజంగానే బాగుంది, నేనూ ఒప్పుకున్నాను. వాడు పాటలు మానలేదు. ఆ పాటను మాత్రం మళ్లీ స్టేటస్‌లో పెట్టలేదు. మీరూ అదే చేసి చూడండి, కోర్టులో అడిగినట్టు కాకుండా, మీకు నిజంగా అర్థం కానట్టు అడగండి.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. వాడికి నిజంగానే మనసు విరిగి ఉండొచ్చు. తిండి, నిద్ర, స్నేహితులు, వీటిలో దేనిలో తేడా వచ్చినా పాటల గొడవ పక్కన పెట్టి వాడి పక్కన కూర్చోండి. చచ్చిపోతా అనే మాట సరదాకు అన్నా సరే తేలిగ్గా తీసుకోవద్దు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీరు కూడా చేయొచ్చు.

ప్రశ్న: అక్కా, మాది పరకాల దగ్గర పల్లె. డిగ్రీ చదువుతూ పాటలు రాస్తాను. ఒక యూట్యూబ్ చానల్ ఆయనకు నా పాట నచ్చింది కానీ ఒక చరణం మార్చి డబుల్ మీనింగ్ పెట్టు, లేకపోతే వ్యూస్ రావు అంటున్నాడు. నాన్నేమో పాటలే వద్దంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, పాట మానకు. ఆస్కార్ గెలిచిన చంద్రబోస్ మీకు దగ్గర్లోని చిట్యాల మండలం చల్లగరిగె మనిషే. 2025 నవంబరులో మనల్ని విడిచిపోయిన అందెశ్రీ బడి మొహం చూడలేదు, చిన్నప్పుడు గొర్లు కాసిన మనిషి, ఆయన పాటే ఇవాళ రాష్ట్ర గీతం. నాన్న దగ్గర కూర్చుని ఈ సంగతులు చెప్పు. ఆయన భయం నీ చదువు ఏమైపోతుందోనని అయి ఉంటుంది, కాబట్టి పరీక్షలు మాత్రం తప్పకు.

ఇక ఆ చరణం సంగతి. సరసం మన పాటలకు కొత్త కాదు. నాట్లేసే ఆడవాళ్లు బావల మీద కట్టే పాటలు వింటే ఆ చానల్ ఆయనే సిగ్గుపడతాడు. కానీ అక్కడ ఎగతాళి చేసేదీ నవ్వేదీ ఆ ఆడవాళ్లే. నీతో రాయించాలనుకునేది అలాంటిదేనా? అలాంటి పాటలు ఓ నాలుగు తీసి కింద కామెంట్లు చదువు. రాసినవాణ్ని ఎవరూ ఏమీ అనరు, తిట్లూ వెకిలి మాటలూ అన్నీ అందులో నటించిన అమ్మాయి మీదే పడతాయి. ఆ అమ్మాయి కూడా మన దగ్గరి ఏదో ఊరి పిల్లే. నేనైతే రాయనని చెప్పేస్తాను. అవకాశం పోతుంది, నీకు బాధ ఉంటుంది, కాదనను.

ఇంకో జాగ్రత్త. జీతానికి పెట్టుకుని రాయించుకుంటే తప్ప, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాటకు మొదటి హక్కుదారు రాసినవాడే. ఎవరికి పాట ఇచ్చినా కాగితం మీద రాయించుకో, నీ పేరు పడాలని, అడగకుండా మాట మార్చకూడదని.

ప్రశ్న: ఇలాంటి పాటలను ప్రభుత్వం నిషేధించకూడదా?
– రిటైర్డ్ టీచర్, కాజీపేట

జవాబు: సార్, సినిమా పాటకు సెన్సార్ ఉంది. ఎవరికి వారు తీసి యూట్యూబ్‌లో పెట్టే పాటకు అది లేదు. అధికారులు అసలు కదలడం లేదని కూడా అనలేం. 2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ హైదరాబాద్ కచేరీకి ముందు మద్యం, డ్రగ్స్, హింసను పొగిడే పాటలు పాడొద్దని నోటీసు ఇచ్చారు, ఆయన పదాలు మార్చి పాడారు. 2025 మార్చిలో రాష్ట్ర మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యమైన స్టెప్పుల మీద హెచ్చరించింది. మంచిదే, కానీ చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న పిల్లాడి దగ్గరికి ఏ నోటీసూ పోదు. మీ వీధిలో బరాత్ డీజే సంగతైతే వేరు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరం నుంచి రూల్ ఉంది, మొహమాటపడకుండా 112కు ఫోన్ చేయండి.

ప్రశ్న: ఆంటీ, మా కాలనీలో బతుకమ్మకు అంతా డీజేనే. మా నానమ్మ ఒక పక్కన కుర్చీలో కూర్చుంటుంది. నాకు బాధనిపిస్తుంది.
– తొమ్మిదో తరగతి అమ్మాయి, వరంగల్

జవాబు: నాకూ అనిపిస్తుంది బిడ్డా. ఒకరు ముందు పాడి, మిగతా అందరూ "ఉయ్యాలో" అని అందుకుంటూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆటలో ఏ ఆడమనిషైనా రెండు లైన్లు కట్టి పాడొచ్చు, అత్తింటి కష్టమైనా, వానలు లేని సంగతైనా. డీజే పెడితే ఎవరికీ నోరు తెరిచే పని లేదు. ఈసారి కాలనీ పెద్దలను ఒక్కటే అడుగు, బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల రోజు మొదటి గంట డీజే వద్దు, ఆ మైకు నానమ్మ చేతికి ఇవ్వండి అని. నలుగురు ఫ్రెండ్స్‌ను వెంటబెట్టుకుని వెళ్లు, ఒక్కదానివే వెళితే నవ్వి పంపిస్తారు. అప్పటిదాకా రోజూ సాయంత్రం నానమ్మ దగ్గర ఒక పాట చొప్పున నోట్‌బుక్‌లో రాసుకో. ఆమె మధ్యలో మరిచిపోతే తొందర పెట్టకు, మొదటి నుంచి మళ్లీ పాడమను, పాడుతుంటే అదే గుర్తొస్తుంది.