టకయాసు వ్యాధిపై పరిశోధనకు ఎంబీబీఎస్ ఒక్కటే దారా?

ప్రశ్న: వరంగల్‌లో ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా అక్కకు టకయాసు ఆర్టరైటిస్ ఉందని రెండేళ్ల క్రితం నిర్ధారించారు. ఎడమ చేతిలో నాడి అందదు, ఇప్పటికీ స్టెరాయిడ్లు వాడుతోంది. రక్తనాళాలకు వాపు వచ్చే ఇలాంటి జబ్బులపై పరిశోధన చేయాలన్నది నా కోరిక. ఈసారి నీట్‌లో సీటు రాకపోతే లాంగ్‌టర్మ్‌లో చేరమని నాన్నగారు అంటున్నారు. ఎంబీబీఎస్ చదవకుండా ఈ రంగంలోకి వెళ్లే అవకాశం ఉందా? - ఒక విద్యార్థిని

జవాబు: అవకాశం ఉంది. అయితే ఏ కోర్సులో చేరాలన్న ప్రశ్నకు ముందు మీరు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. మీరు రోగి పక్కన కూర్చుని పనిచేయాలనుకుంటున్నారా, రోగి నుంచి సేకరించిన రక్తంతో, కణాలతో, జన్యువులతో పనిచేయాలనుకుంటున్నారా, లేక వందల మంది రోగుల వివరాలను లెక్కలతో తూచే పని మీకు నచ్చుతుందా? వాస్క్యులైటిస్ అని పిలిచే ఈ జబ్బుల గురించి ఇప్పటిదాకా తెలిసిన ముఖ్యమైన విషయాలన్నీ ఈ మూడు రకాల పనుల్లో ఏదో ఒకదాని నుంచి వచ్చినవే. ఒక్కోదానికి చదువు వేరు, పట్టే కాలం వేరు.

మొదటిది వైద్యుల దారి. మీ అక్కగారి జబ్బుకు పేరు వచ్చిందే ఒక వైద్యుడి పరిశీలన వల్ల. జపాన్‌కు చెందిన కంటి వైద్యుడు మికితో టకయాసు 1908లో ఒక యువతి కంటి వెనుక రక్తనాళాలు వింతగా అల్లుకుని ఉండటాన్ని గమనించి వైద్యసభలో వివరించారు. అలాంటి రోగులకు చేతి నాడి అందడం లేదని ఆయన సహవైద్యులు జోడించారు. బృహద్ధమని, దాని కొమ్మల గోడలు వాచి, మందమెక్కి, రక్తం వెళ్లే దారి ఇరుకైపోవడమే ఇందుకు కారణమన్నది తర్వాత స్పష్టమైంది. చిన్నపిల్లల్లో గుండె ధమనులను దెబ్బతీసే కవాసాకి వ్యాధి కథా ఇలాంటిదే. తొమిసాకు కవాసాకి అనే పిల్లల వైద్యుడు తాను చూసిన 50 మంది పిల్లల వివరాలను 1967లో ప్రచురించారు. మూలకారణం నేటికీ తేలకపోయినా, దాతల రక్తం నుంచి తీసే ప్రతిరక్షకాలైన ఇమ్యునోగ్లోబులిన్‌ను సకాలంలో ఎక్కిస్తే గుండె ధమనులు ఉబ్బిపోయే ప్రమాదం బాగా తగ్గుతుందని తర్వాతి పరిశోధనలు నిరూపించాయి.

ఈ దారిలో మన దేశపు పని ఒకటి మీరు తప్పక తెలుసుకోవాలి. టకయాసు వ్యాధిలో పెద్ద చిక్కు ఏమిటంటే, ధమని గోడలో వాపు ఇంకా రగులుతోందో, లేక పాత దెబ్బ మిగిల్చిన మచ్చ మాత్రమే ఉందో రక్తపరీక్షలతో కచ్చితంగా చెప్పలేము. రగులుతుంటే మందు పెంచాలి, మచ్చే అయితే పెంచిన స్టెరాయిడ్ వల్ల హాని తప్ప లాభం లేదు. భారతీయ రుమటాలజిస్టులు, అంటే కీళ్లవాతం, రక్తనాళాల వాపు లాంటి జబ్బుల నిపుణులు కొందరు కలిసి, వైద్యుడు చేత్తో, స్టెతస్కోపుతో, బీపీ పరికరంతో పరీక్షించి మార్కులు వేయగలిగే ఒక కొలమానాన్ని తయారుచేశారు. ఐటాస్ 2010 అనే ఆ కొలమానంలోని 44 అంశాల్లో 33 గుండెకు, రక్తనాళాలకు సంబంధించినవి. ఇది 2013లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురితమైంది. పరిశోధన అనగానే మైక్రోస్కోపును మాత్రమే ఊహించుకునేవారికి ఇది ఆశ్చర్యంగా ఉండవచ్చు కానీ, జబ్బును నమ్మకంగా కొలవడం చేతకానప్పుడు కొత్త మందు పనిచేసిందో లేదో చెప్పడం కూడా కుదరదు.

ఈ దారి పొడవు మాత్రం తక్కువేమీ కాదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, జనరల్ మెడిసిన్‌లో గానీ పీడియాట్రిక్స్‌లో గానీ ఎండీ మూడేళ్లు, ఆపైన నీట్ సూపర్ స్పెషాలిటీ రాసి రుమటాలజీలో లేదా రోగనిరోధక వ్యవస్థ జబ్బులను చూసే క్లినికల్ ఇమ్యునాలజీలో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు మరో మూడేళ్లు, వెరసి పదకొండున్నరేళ్లు. మధ్యలో ప్రవేశ పరీక్షలకు పోయే ఏడాదో రెండేళ్లో దీనికి అదనం. డీఎం సీట్లు దేశం మొత్తం మీద కొద్దిగానే ఉన్నాయి. హైదరాబాద్‌లో నిమ్స్, బయట వెల్లూరు సీఎంసీ, లక్నో ఎస్జీపీజీఐ, పుదుచ్చేరి జిప్మర్, పిల్లల జబ్బులకైతే చండీగఢ్ పీజీఐ ఈ విభాగాల్లో చెప్పుకోదగ్గవి. ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ దారిలో రోజులో ఎక్కువ భాగం చికిత్సకే పోతుంది, పరిశోధనకు మిగిలిన సమయమే దక్కుతుంది. రోగుల రద్దీ మధ్య పనిచేయడం ఇష్టం లేకుండా, పరిశోధన కోసమే ఎంబీబీఎస్‌లో చేరినవారికి ఈ చదువు భారమవుతుంది.

మీ ప్రశ్నకు అసలు జవాబు రెండో దారిలో, అంటే ప్రయోగశాలలో ఉంది. దీన్ని ఎంబీబీఎస్ రానివారికి మిగిలే రెండో రకం దారిగా చూడవద్దు. చిన్న వయసులోనే జ్వరాలు, ఒంటి మీద వల లాంటి మచ్చలు, పక్షవాతం వచ్చే కొందరు పిల్లల్లో ఏడీఏ2 అనే ఎంజైమును తయారుచేసే జన్యువు దెబ్బతిన్నదని 2014లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. ఆ పిల్లల్లో కొందరిని అంతకుముందు పాలీఆర్టరైటిస్ నోడోసా అనే రక్తనాళాల జబ్బు రోగులుగా లెక్కించేవారు. కారణం తెలిశాక, కీళ్లవాతానికి అప్పటికే వాడుతున్న, వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే మందులతో పక్షవాతాన్ని చాలావరకు నివారించవచ్చని తేలింది. అంటే కొత్త మందు అవసరమే రాలేదు, ఏ మందు వాడాలో జన్యువు చెప్పింది. ఇలాంటి రోగుల గురించి మన దేశం నుంచీ 2021లో అధ్యయనం వెలువడింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న ప్రతి అందితేనే బయటపడే అంతర్గత లక్షణం ఇది. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన తెలుగు ప్రాంతాల్లో ఇలాంటి జన్యువుల అధ్యయనానికి ఎంత ప్రాధాన్యం ఉందో వేరే చెప్పనక్కరలేదు. అయితే టకయాసు వ్యాధి ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. హెచ్‌ఎల్‌ఏ-బి52 అనే రోగనిరోధక జన్యువు రకంతో దానికి సంబంధం ఉన్నట్టు పలు దేశాల్లో తేలింది కానీ, ఆ రకం ఉన్నవారిలో అత్యధికులకు జబ్బు రాదు. మిగిలిన కారణాలేమిటో మీ తరం వెతకవలసి ఉంది.

ఈ దారికి ఇంటర్ తర్వాత ఐసర్‌లలో, అంటే కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థల్లో, అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ మంచి ఆరంభం. తిరుపతిలోనే ఒక ఐసర్ ఉంది. ప్రవేశ పరీక్ష ఐఏటీలో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రంతో పాటు గణితం ప్రశ్నలూ ఉంటాయి కనుక, బైపీసీ విద్యార్థులు కనీసం తేలికపాటి గణితమైనా సిద్ధం చేసుకుంటే మేలు. అది కుదరకపోతే బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ లేదా జెనెటిక్స్‌తో బీఎస్సీ, తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట ఎంఎస్సీ చేయవచ్చు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో గానీ, ఐసీఎంఆర్, డీబీటీ పరీక్షల్లో గానీ జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ కాలంలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనంగా అందుతాయి. నాన్నగారికి ఈ సంగతి తప్పక చెప్పండి, ఎందుకంటే పీహెచ్‌డీకి ఇంటి నుంచి డబ్బు పంపాలనుకునే తల్లిదండ్రులు ఇంకా చాలామంది ఉన్నారు. హైదరాబాద్‌లోనే కణాలు, జన్యువులపై పరిశోధించే సీసీఎంబీ ఉంది, అరుదైన జన్యువ్యాధుల నిర్ధారణపై పనిచేసే సీడీఎఫ్‌డీ ఉంది. అయితే పీహెచ్‌డీ చేసినవారు రోగిని పరీక్షించలేరు, మందు రాయలేరు. ప్రతి రక్తనమూనాకూ ఆసుపత్రిలోని వైద్యుల సహకారం కావాలి. కాబట్టి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆ ప్రయోగశాలకు ఏదైనా రుమటాలజీ విభాగంతో నిజమైన అనుబంధం ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

మూడో దారి గణాంకాలది. మన విద్యార్థులకు ఇది అంతగా కనిపించదు కానీ, అరుదైన జబ్బుల విషయంలో దీని విలువ ఎక్కువ. వృద్ధుల్లో వచ్చే జెయింట్ సెల్ ఆర్టరైటిస్‌పై టోసిలిజుమాబ్ అనే మందును 251 మందిలో పరీక్షించగా, వారం వారం ఆ మందు తీసుకున్నవారిలో 56 శాతం మందికి జబ్బు ఏడాది దాకా అదుపులో నిలిచింది. మందు లేకుండా ఆరు నెలల్లో స్టెరాయిడ్ తగ్గించినవారిలో అది 14 శాతమే. 2017లో వచ్చిన ఈ ఫలితం వైద్యవిధానాన్నే మార్చింది. అదే మందును టకయాసు వ్యాధికి జపాన్‌లో పరీక్షించినప్పుడు దొరికిన రోగులు 36 మంది మాత్రమే. మందు వైపు మొగ్గు కనిపించినా, ప్రధాన ఫలితం అది కేవలం యాదృచ్ఛికం కాదని చెప్పడానికి పెట్టుకునే గణాంకపరమైన గీతను కొద్దిలో దాటలేకపోయింది. ఇంత తక్కువ మందితో నమ్మదగిన ఫలితం రాబట్టేలా ట్రయల్‌ను ఎలా రూపొందించాలన్నది గణాంక నిపుణుడు తేల్చవలసిన ప్రశ్న. ఇంటర్‌లో గణితం లేనందువల్ల మీకు స్టాటిస్టిక్స్ డిగ్రీ కష్టం. తర్వాత ఎపిడెమియాలజీ, అంటే జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చూసే శాస్త్రం వైపు వెళ్లే ఆలోచన ఉంటే చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ గురించి అప్పుడు చూడండి. ఆరేళ్ల ఫార్మసీ కోర్సు ఫార్మ్-డీ ద్వారా, రోగులపై మందులను పరీక్షించే క్లినికల్ ట్రయల్స్‌లోకి వెళ్లేవారూ ఉన్నారు. కానీ కొన్ని నెలల్లో క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా ఇచ్చి ఉద్యోగం చూపిస్తామనే ప్రకటనలకు లోబడవద్దు. అక్కడి నుంచి దొరికేది చాలాసార్లు ఫారాలు నింపే పని.

ఇక నాన్నగారు చెప్పిన లాంగ్‌టర్మ్ సంగతి. నీట్, ఐఏటీ రెండూ ఈ ఏడాదే రాయండి, ఒకదాని సిలబస్ మరొకదానికి చాలావరకు పనికివస్తుంది. నీట్‌లో సీటుకు దగ్గరగా వచ్చి ఆగిపోతే, రోగుల మధ్య పనిచేయాలన్న కోరిక కూడా మీలో బలంగా ఉంటే, ఒక్క ఏడాది లాంగ్‌టర్మ్ సమంజసమే. మార్కులు బాగా దూరంగా ఉంటే, లేదా ఐసర్‌లో సీటు చేతికి వస్తే, దాన్ని వదిలి కోచింగ్‌కు వెళ్లమని నేను చెప్పను. రెండో ఏడాది లాంగ్‌టర్మ్ గురించి అయితే ఆలోచించనే వద్దు. ఈలోపు అక్కగారిని చెకప్‌కు తీసుకెళ్లేటప్పుడు, ఆమెకు ఇష్టమైతే, మీరూ తోడు వెళ్లండి. డాక్టరుగారు రెండు చేతుల్లోనూ బీపీ ఎందుకు చూస్తున్నారో, మెడ మీద స్టెతస్కోపు పెట్టి ఏం వింటున్నారో అడగండి. ఆ గదిలో ఇంకాసేపు ఉండాలనిపిస్తుందో, లేక ల్యాబ్‌కు వెళ్లిన ఆ రక్తాన్ని ఏం చేస్తారో చూడాలనిపిస్తుందో గమనించుకుని, ఆ సంగతి నాన్నగారితో మాట్లాడండి.