విలేకరి అయిన మేనకోడలికి

అమ్మలూ,

నీకు పత్రికలో ఉద్యోగం వచ్చిందని, క్రైమ్, కోర్టులు చూడమన్నారని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. వార్త ఎలా రాయాలో మీ ఎడిటర్ నేర్పుతారు. నా ఉద్యోగమంతా డెస్క్ మీదే గడిచింది. రిపోర్టర్ల కాపీ దిద్దడం ఒక పని, అది అచ్చయ్యాక వచ్చే లీగల్ నోటీసులకు లాయరు పక్కన కూర్చుని జవాబు తయారు చేయించడం ఇంకో పని. అందుకని చట్టం నిన్ను ఎక్కడ కాపాడుతుందో, ఎక్కడ చెయ్యి వదిలేస్తుందో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు మెడలో వేసుకునే ప్రెస్ కార్డు సంగతి. మన రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అని విడిగా ఒక అధికరణం లేదు. 19(1)(ఎ) ప్రతి పౌరుడికీ ఇచ్చిన భావ ప్రకటన స్వేచ్ఛే నీదీ. పత్రికలకు పౌరుడికి లేని ప్రత్యేక హక్కు అక్కర్లేదని అంబేడ్కర్ రాజ్యాంగ సభలోనే చెప్పారు. 1950లో మద్రాసు ప్రభుత్వం రమేశ్ థాపర్ పత్రికను తమ రాష్ట్రంలోకి రానివ్వకపోతే, సుప్రీంకోర్టు ఈ అధికరణం కిందే ఆ నిషేధాన్ని కొట్టేసింది. కాబట్టి నడిరోడ్డు మీద జరిగేదాన్ని ఎవరైనా ఫొటో తీయొచ్చు, నువ్వూ తీయొచ్చు. పోలీసులు తాడు కట్టిన చోటికి, ఆస్పత్రి వార్డులోకి, ఒకరి ఇంట్లోకి అనుమతి లేకుండా ఎవరూ వెళ్లకూడదు, నువ్వూ వెళ్లకూడదు. అక్రిడిటేషన్ కార్డు ప్రెస్ మీట్ గుమ్మం దాటిస్తుందేమో కానీ చట్టాన్ని దాటించదు.

అలాగని ఎవరు వద్దంటే అక్కడ ఆగిపోవాలనీ కాదు. 19(2)లో ఆంక్షలకు ఎనిమిది కారణాలు రాసి ఉన్నాయి: దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం. ఆ కారణం ఉంటే చాలదు, దాని కోసం చేసిన చట్టం ఉండాలి, ఆ ఆంక్ష సమంజసంగానూ ఉండాలి. ఒక అధికారికి కోపం రావడం ఈ జాబితాలో లేదు. 'ఈ వార్త వేయొద్దు' అని ఎవరైనా నోటిమాటగా అంటే అది విన్నపం మాత్రమే. ఏ చట్టం, ఏ సెక్షన్ అని మర్యాదగా అడుగు. రాసివ్వమను. ఎక్కువసార్లు సంభాషణ అక్కడితో ముగిసిపోతుంది.

ఇక నీకు నిత్యం ఎదురయ్యేది పరువు నష్టం. పాత ఐపీసీ 499, 500 సెక్షన్లు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356 అయ్యాయి. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సామాజిక సేవ. దీన్ని నేరంగా ఉంచొద్దని వేసిన పిటిషన్లను 2016లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కొత్తవాళ్లు చాలామంది 'నిజమే రాశాం కదా, ఏం చేస్తారు' అనుకుంటారు. సివిల్ దావాలో నిజం అని రుజువు చేస్తే చాలు. క్రిమినల్ కేసులో నిజంతోపాటు అది రాయడం ప్రజాహితం కోసమేనని కూడా చూపించాలి. ఒకరి ఇంటి గొడవ అక్షరాలా నిజమే కావచ్చు, అది అచ్చు వేయడానికి ప్రజలకు సంబంధించిన కారణం ఏదీ లేకపోతే ఆ నిజం నిన్ను కాపాడదు. ఇంకో సంగతి, రుజువు చేసుకోవాల్సిన బరువు నీ మీదే ఉంటుంది.

మన పత్రికల్లో కొన్ని మాటలు బాగా అలవాటైపోయాయి. 'అన్న ఆరోపణలు వినిపిస్తున్నాయి', 'అని జోరుగా ప్రచారం సాగుతోంది', 'విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసింది'. ఇవి రాసేస్తే బాధ్యత తప్పిందనుకుంటారు. తప్పదు. వేరొకరు చేసిన నిందను నువ్వు మళ్లీ అచ్చు వేస్తే, ఆ నింద నువ్వూ వేసినట్టే లెక్క. హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం పెట్టినా అంతే. పేరు రాయకపోయినా అంతే: ఒక మండలంలో ఉండే ఒకే ఒక్క మహిళా ఎంపీడీవో గురించి 'ఆ మండలానికి చెందిన ఓ మహిళా అధికారి' అని రాస్తే, ఊరందరికీ పేరు చెప్పినట్టే కదా.

మరి కాపాడేదేమిటి? కాగితం. తమిళనాడులో ఆటో శంకర్ అనే ఖైదీ జీవితకథను నక్కీరన్ పత్రిక వేయబోతే జైలు అధికారులు అడ్డుపడ్డారు. 1994లో సుప్రీంకోర్టు ఆ కేసులో ఇచ్చిన తీర్పును నువ్వు తప్పకుండా చదవాలి. కోర్టు రికార్డులతో సహా ప్రజా రికార్డుల్లో ఉన్న విషయాన్ని రాస్తే, గోప్యత హక్కుకు భంగమని అనడానికి లేదు. అధికారులు తమ విధి నిర్వహణపై వచ్చిన వార్తకు నష్టపరిహారం అడగాలంటే, అది అబద్ధమనీ, నిజానిజాలు పట్టించుకోకుండా రాశారనీ చూపించాలి. తమ పరువు పోతుందేమోనని ముందుగానే అచ్చు ఆపించే అధికారం వాళ్లకు లేదు. ఈ మూడు మాటలూ మన వృత్తికి పెద్ద అండ. రెండోదాన్ని చూడు: నువ్వు ఎంత విచారించావన్నదే అక్కడ అసలు ప్రశ్న. అందుకే ఏ వార్త రాసినా 'ఇది నాకెలా తెలిసింది' అన్నదానికి జవాబు నోట్‌బుక్‌లో తేదీతో రాసిపెట్టుకో.

అవతలివాళ్ల వివరణ కూడా ఇందులో భాగమే. రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారి రింగ్ ఇచ్చి 'అందుబాటులోకి రాలేదు' అని రాయడం వివరణ తీసుకోవడం కాదు. నీ ప్రశ్నలేమిటో మెసేజ్ పెట్టు, జవాబుకు న్యాయమైన గడువు ఇవ్వు, వచ్చిన జవాబును అదే వార్తలో కనబడేలా వెయ్యి. పరువు నష్టం మీద సివిల్ దావా వేయడానికి ఏడాది, క్రిమినల్ ఫిర్యాదును కోర్టు తీసుకోవడానికి మూడేళ్లు గడువు ఉంది. అంటే ఏ నోట్‌బుక్‌నూ మూడేళ్లలోపు పారేయొద్దు. రికార్డింగుల అసలు ఫైళ్లు అది తీసిన పరికరంలోనే ఉంచు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి, పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన కాపీకి ఆ పత్రం ఇవ్వడానికి ఎవరూ దొరకరు.

పోలీసు వార్తల్లో ఇంకో గుంట ఉంది. ప్రెస్ మీట్‌లో ముసుగులు వేసి నిలబెట్టినవాళ్లను మనవాళ్లు మర్నాటికల్లా 'దొంగల ముఠా', 'కీచకుడు' చేసేస్తారు. 'విచారణలో నేరం ఒప్పుకున్నాడు' అని రాస్తారు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడి మీద సాక్ష్యంగా కోర్టే తీసుకోదు, మనమెందుకు తీసుకోవాలి? 'ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు' అని రాయి, అది వాళ్ల మాటగానే ఉండనీ. ఎఫ్‌ఐఆర్ దొరకలేదని ఎవరినీ బతిమాలకు. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మిగతా ప్రభుత్వ కాగితాలకు సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో. నెమ్మదైన దారే కానీ, ఆ దారిన వచ్చిన కాగితాన్ని తేలిగ్గా ఎవరూ కాదనలేరు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఎంత హడావుడిలోనూ మరిచిపోవద్దు. లైంగిక దాడికి గురైన మనిషి పేరు గానీ, ఆనవాలు గానీ బయటపెట్టడం న్యాయ సంహిత 72 కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23, బాలల న్యాయ చట్టం 74 ఉన్నాయి. బాలల న్యాయ చట్టం కింద ఇది బాధితులకే కాదు, నేరం చేశాడంటున్న మైనరుకూ, సాక్షి అయిన పిల్లకూ వర్తిస్తుంది. 2018 డిసెంబర్‌లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఏ చిన్న ఆధారంతోనూ గుర్తుపట్టే వీలు ఉండకూడదు, బాధితురాలు మరణించినా సరే. తల్లిదండ్రులు 'వేసుకోండి' అన్నంత మాత్రాన నీకు అనుమతి వచ్చినట్టు కాదు.

పేరు వేయకూడదని అందరికీ తెలుసు, ఆనవాలు దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఒక పత్రిక ఊరి పేరు రాస్తుంది, ఇంకొకటి తండ్రి చేసే పని, మూడోది బడి పేరు, టీవీలో ఇంటి గోడ మసక చేసి వీధి మాత్రం చూపిస్తారు. ఎవరికి వారు జాగ్రత్తగానే ఉన్నామనుకుంటారు, నాలుగూ కలిస్తే ఆ పిల్ల ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. నిందితుడు బంధువే అయితే అతని పేరు, చుట్టరికం రెండూ రాయడం అంటే పిల్ల పేరు రాయడమే. ఇతర పత్రికలు అప్పటికే ఏం వేశాయో చూసుకుని, దానికి నీ వివరం కలిస్తే ఏమవుతుందో ఆలోచించి రాయి. డెస్క్ 'ఊరి పేరు లేకపోతే ఐటెం బలంగా లేదు' అంటే, ఈ ఒక్క చోట ఎదురు చెప్పు. ఆ పిల్ల రేపు మళ్లీ బడికి వెళ్లాలి. ఆమెకు జరిగిన నష్టానికి సవరణ వేసే కాలమ్ ఏ పత్రికలోనూ లేదు.

కోర్టు వార్తల విషయంలో అంత భయం అక్కర్లేదు. బహిరంగ విచారణను నిష్పాక్షికంగా, ఉన్నదున్నట్టు రాస్తే కోర్టు ధిక్కారం కాదని 1971 చట్టం 4వ సెక్షనే చెబుతోంది. ముగిసిన కేసులో తీర్పు మంచిచెడ్డల్ని సమంజసంగా విమర్శించడాన్నీ 5వ సెక్షన్ కాపాడుతుంది. తలుపులు మూసి జరిగిన విచారణ జోలికి మాత్రం వెళ్లొద్దు. జడ్జి విచారణలో అన్న మాటల్ని కూడా రాయొచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ వ్యాఖ్యను వ్యాఖ్యగా రాయి, ఆదేశాన్ని ఆదేశంగా రాయి. 'హైకోర్టు సంచలన తీర్పు' అని స్క్రోలింగ్ వేసి, తీరా చూస్తే వాయిదా పడిన కేసు అయి ఉండటం మన దగ్గర కొత్తేమీ కాదు.

చట్టసభలది ఇంకో దారి. సభలో జరిగినదాన్ని దాదాపుగా యథాతథంగా, దురుద్దేశం లేకుండా రాస్తే 361ఎ అధికరణం సివిల్, క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. ఎమర్జెన్సీలో పోయిన రక్షణను 1977లో చట్టంగా తిరిగి తెచ్చి, ఆ తర్వాత రాజ్యాంగంలోనే పెట్టారు. రికార్డుల నుంచి తొలగించిన మాటలు వేస్తే మాత్రం సభాహక్కుల గొడవ వస్తుంది. 1983లో శాసనమండలి గందరగోళంపై ఈనాడు పెట్టిన 'పెద్దల గలభా' అన్న శీర్షిక ఎంత దూరం వెళ్లిందో మీ ఆఫీసులో పెద్దవాళ్లను అడుగు, సుప్రీంకోర్టు దాకా నడిచిన కథ అది.

సోర్సుల గురించి. సమాచారం ఇచ్చినవారి పేరు చెప్పనక్కర్లేదని మనకు సంపూర్ణ రక్షణ ఇచ్చే చట్టం లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2)లో ఆ మాట ఉంది కానీ, అది కౌన్సిల్ ముందు జరిగే విచారణకే. కోర్టు అడిగితే వేరే సంగతి. ఫోన్లలోకి చొరబడే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో 2021లో సుప్రీంకోర్టు సోర్సుల రక్షణ పత్రికా స్వేచ్ఛకు మూలమని రాసింది, అది మనకు బలమే. అయినా ఎదుటి మనిషికి నువ్వు నిలబెట్టుకోలేని మాట ఇవ్వకు. పేరు రాయనని చెప్పు, ఎవరికీ చెప్పనని చెప్పే ముందు ఎడిటర్‌తో మాట్లాడు. ఆ మనిషి నంబరు ఫోన్లో అసలు పేరుతో ఎందుకు, ఆలోచించు. వాళ్ల ఉద్యోగం, ఒక్కోసారి ప్రాణం, నీ జాగ్రత్త మీద ఆధారపడి ఉంటాయి.

పోలీసుల నుంచి నోటీసు వస్తే దాక్కోవద్దు, ఒంటరిగానూ వెళ్లొద్దు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద వచ్చినది హాజరు కమ్మనే నోటీసు, పిలిచినట్టు వెళ్తే సాధారణంగా అరెస్టు చేయకూడదు. 94 కింద వచ్చినది ఫలానా పత్రమో పరికరమో ఇమ్మనేది. రెండింటికీ లాయరు ఉండాలి. ఫోన్ స్వాధీనం చేసుకుంటే 105 ప్రకారం ఆ ప్రక్రియను వీడియో తీయాలి, నువ్వు స్వాధీనం చేసుకున్నవాటి జాబితా కాపీ అడిగి తీసుకో. అరెస్టే జరిగితే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. న్యూస్‌క్లిక్ వ్యవస్థాపకుడు ప్రబీర్ పుర్కాయస్థ అరెస్టు చెల్లదని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది ఈ ఒక్క కారణం మీదే. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. ఘటనా స్థలంలో మాత్రం వాదన పెంచుకోకు. అక్కడ గెలిచినా వార్త పోతుంది, విధులకు ఆటంకం అని కేసు అదనం. ఐటీ చట్టం 66ఎ కింద కేసు అంటే అది 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసిన సెక్షన్ అని గుర్తుంచుకో, ఆ తర్వాత కూడా కేసులు పెడుతూనే వచ్చారు.

రహస్య కెమెరా పని నీకు ఇప్పుడే వద్దు. 2007లో ఢిల్లీలో ఒక టీచరు మీద ఓ టీవీ ఛానల్ చేసిన స్టింగ్ బూటకమని తేలేలోపు ఆమె మీద జనం దాడి చేశారు, ఆ ఛానల్‌ను నెల రోజులు ఆపేశారు. ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో టీవీ, డిజిటల్ తెర మీద ఏం చూపించకూడదో ప్రజాప్రాతినిధ్య చట్టం 126, ఎగ్జిట్ పోల్స్ ఎప్పుడు వేయకూడదో 126ఎ చెబుతాయి, షెడ్యూలు రాగానే చదువుకో.

నోటీసు వచ్చిన రోజున కోపంలోనో భయంలోనో నువ్వే జవాబు రాయకు, పంపినవాళ్లకు ఫోన్ చేయకు, ఆ వార్తను వెబ్‌సైట్‌లోంచి నీ అంతట నువ్వు తీసేయకు. నోటీసు, వార్త కాపీ, నోట్‌బుక్ పేజీలు, వివరణ కోసం పంపిన మెసేజులు ఒక కవరులో పెట్టి ఎడిటర్‌కు ఇవ్వు. తప్పు మనదైతే సవరణ ఆ వారంలోనే పడేలా చూడమని నువ్వే అడుగు. మీ ఆఫీసు తరఫున లాయరు ఎవరో, నీ పేరు మీద కేసు పడితే ఖర్చు ఎవరు పెట్టుకుంటారో చేరిన మొదటి వారంలోనే కనుక్కుని నాకు రాయి. దాటవేస్తే, నాకు తెలిసిన లాయరు నంబరు పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య