దిండు కింద చపాతీ ముక్కలు

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయిన పన్నెండేళ్లకు, ఎన్నో ప్రార్థనల తర్వాత, దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా ద్వారా ఆరేళ్ల పాపను దత్తత తీసుకున్నాం. ఎనిమిది నెలలైంది. ఇంట్లో దేనికీ లోటు లేదు. అయినా దిండు కింద చపాతీ ముక్కలు, బిస్కెట్లు దాస్తోంది. అడిగితే నేను కాదంటోంది. వచ్చిన రోజే నన్ను అమ్మా అని పిలిచింది. కానీ చర్చి సంఘంలో ఎవరు దగ్గరకు తీసినా వాళ్లనూ అమ్మా అంటోంది. పాపలో తిరుగుబాటు ఆత్మ ఉందని, ఉపవాస ప్రార్థన పెట్టించమని అత్తగారు అంటున్నారు. క్రైస్తవులకు దత్తత చట్టం లేదు, రేపు ఆస్తి గొడవలొస్తాయని మా మరిది అంటున్నాడు. వచ్చే కూడికలో పాపను పక్కన నిలబెట్టుకుని, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టర్‌గారు అడిగారు. ఒక్కోసారి పొరపాటు చేశామా అనిపించి, అలా అనుకున్నందుకే ఏడుపొస్తోంది.
- ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మీ ఏడుపు గురించి మాట్లాడుకుందాం. కన్నతల్లులకు కాన్పు తర్వాత దిగులు వచ్చినట్టే, దత్తత తీసుకున్న తల్లులకూ వస్తుంది. పన్నెండేళ్లు ఎదురుచూసిన సంతోషం ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు కాబట్టి అది పాపమనిపిస్తుంది. అది పాపం కాదు, అలసట. దత్తత తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి ఏజెన్సీవాళ్లు మీ యోగక్షేమాలు చూడాలి. వాళ్లు వచ్చినప్పుడు టీ ఇచ్చి "అంతా బాగుందండీ" అని పంపించేయకండి. ఈ ఉత్తరంలో రాసిందే చెప్పండి. కౌన్సెలింగ్ అడగండి. అడిగితే పాపను వెనక్కి తీసుకుపోతారేమోనని చాలామంది తల్లులు భయపడతారు. ఆ భయంతోనే నోరు మూసుకుని ఇంకా కుంగిపోతారు.

ఇక చపాతీ ముక్కలు. అది దొంగతనం కాదు. రేపు అన్నం ఉంటుందో లేదోనన్న భయం ఆ బిడ్డ ఒంట్లో ఉండిపోయింది. మీ ఫ్రిజ్ నిండుగా ఉన్న సంగతి ఆమె కళ్లకు తెలుసు, కడుపుకు ఇంకా తెలియదు. "ఎందుకు దాచావు?" అని నిలదీస్తే భయపడిన పిల్ల అబద్ధమే చెబుతుంది. అడగడం మానేయండి. ఒక చిన్న స్టీలు డబ్బా కొని, అందులో పల్లీ చిక్కీ, మరమరాల ఉండలు, బిస్కెట్లు వేసి పాప మంచం పక్కన పెట్టండి. ఇది నీదే, ఎప్పుడైనా తినొచ్చు, అయిపోతే నేను నింపుతానని చెప్పండి. చెప్పినట్టే నింపండి. అల్లరి చేసిన రోజు కూడా నింపండి, ముఖ్యంగా ఆ రోజే. దాచడం వెంటనే ఆగదు, నెలలు పట్టొచ్చు.

అందరినీ అమ్మా అనడం మీ గుండెను కోస్తోందని అర్థమైంది. చాలా హోముల్లో ఆయాలందరూ అమ్మలే. ఒక అమ్మ డ్యూటీ దిగితే ఇంకో అమ్మ వస్తుంది. మీ పాపకు ఆ మాటకు తెలిసిన అర్థం అంతే. డ్యూటీ దిగని అమ్మ ఉంటుందని ఆమె ఇప్పుడిప్పుడే చూస్తోంది. కొన్నాళ్లు అన్నం పెట్టడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం మీరిద్దరే చేయండి. సంఘంలో పెద్దవాళ్లు ఎత్తుకోబోతే, పాప ఇప్పుడు మా దగ్గరే ఉండాలండీ అని నవ్వుతూ చెప్పండి.

అత్తగారి మాటకొస్తే, బైబిల్లో రోమా పత్రిక 8వ అధ్యాయం 15వ వచనం ఆమెతో కలిసి చదవండి. మరల భయపడడానికి మీరు దాస్యపు ఆత్మను పొందలేదు, దత్తపుత్రాత్మను పొందారు అంటాడు పౌలు. "అబ్బా తండ్రీ" అనే పిలుపు ఆ తర్వాతే వస్తుంది. మీ పాపలో ఉన్నది తిరుగుబాటు కాదు, భయం. ప్రార్థన తప్పకుండా చేయండి. కానీ ఆరేళ్ల పిల్లను మధ్యలో కూర్చోబెట్టి, నెత్తిమీద చేతులుంచి, గట్టిగా గద్దించే ప్రార్థన మాత్రం వద్దు. తనలో ఏదో చెడ్డది ఉందని ఆ బిడ్డ నమ్మేస్తుంది.

మీ మరిది చెప్పింది ఒకప్పటి సంగతి. 1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. అందుకే అప్పట్లో మనవాళ్లు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా మిగిలిపోయేవారు. 2000లో జువెనైల్ జస్టిస్ చట్టం, అంటే బాలల న్యాయ చట్టం వచ్చాక అది మారింది. మతంతో పనిలేకుండా ఎవరైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆమె అన్నివిధాలా మీ కూతురే, వారసత్వంతో సహా. కలెక్టర్‌గారి ఉత్తర్వు, మీ పేర్లతో వచ్చిన జనన ధ్రువపత్రం భద్రంగా ఉంచుకోండి. ఆస్తి మాటలు పాప చెవిన పడనివ్వకండి.

సాక్ష్యం విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. పాపను నిలబెట్టవద్దు. దేవుడు మీకు చేసిన మేలు మీరు చెప్పుకోవచ్చు, మీ ఎదురుచూపు గురించి చెప్పుకోవచ్చు. ఆమె ఎక్కడ దొరికింది, ఎవరు వదిలేశారు, ఎలా ఉండేది అన్నది ఆమె కథ. దాన్ని మైకులో చెప్పే హక్కు మీకు గానీ నాకు గానీ లేదు. దత్తత సంగతి ఇంట్లో ఆమెతో దాచకుండా మాట్లాడండి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. బయట చెప్పాలో వద్దో పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది. కూడికకు ముందే పాస్టర్‌గారిని కలిసి ఈ మాట చెప్పండి, మీ ఆయన్నీ వెంట తీసుకెళ్లండి.

డబ్బా మాత్రం ఈ రోజే కొనండి. షాపుకు పాపను తీసుకెళ్లి, రంగు మూత కావాలో మామూలు మూత కావాలో తననే ఎంచుకోనివ్వండి.