పాతికేళ్ళ అనుభవం ఉన్న ఇంట్లో పిల్లోడికి సెలూన్ ట్రైనింగ్ ఎందుకు?

ఎమ్మిగనూరు నుంచి ఒక అన్న రాసినారు. వాళ్ళకి కటింగ్ షాపు ఉంది, 25 ఏళ్ళుగా నడుపుతున్నారు. కొడుకు ఇంటర్ అయిపోయింది, 18 నిండినాయి, డిగ్రీ వద్దు షాపులోకే వస్తా అంటున్నాడంట, కాకపోతే ముందు కర్నూల్లో హెల్త్ అండ్ సేఫ్టీ ట్రైనింగ్ చేసి వస్తా, ఫీజు కట్టు నాయనా అని పట్టుబట్టినాడంట. "ఇన్నేళ్ళలో నా చేతిలో ఒక్క మనిషికీ ఏం కాలేదు, ప్రతి గడ్డానికీ కొత్త బ్లేడే వేస్తా, ఇంకేం నేర్పుతారు సార్ వాళ్ళు, డబ్బులు దండగ కదా" అని అడుగుతున్నారు.

అన్నా, పిల్లోడు మీ పనిని తక్కువగా చూడకుండా నేనూ ఇదే చేస్తా అని వచ్చినాడు, ముందు అది నాకు చాలా సంతోషం. కత్తెర పట్టుకోవడం మీకంటే బాగా ఏ సెంటర్లోనూ నేర్పరు, ఆ డబ్బు అయితే దండగే. కానీ వాడు అడిగేది పని గురించి కాదు. "ఒక్కరికీ ఏం కాలేదు" అన్నారే, నాకు భయం అక్కడే. హెపటైటిస్ బి (రక్తం ద్వారా అంటుకునే లివర్ జబ్బు) లాంటిది ఒంట్లో చేరినాక లక్షణాలు బయటపడడానికి ఒకటిన్నర నెల నుంచి ఆరు నెలల దాకా పట్టొచ్చు, చాలామందికి అసలు పచ్చకామెర్లు కూడా రావు, కొందరికి ఏళ్ళ తర్వాత లివర్ చెడిపోయినాకే తెలుస్తుంది. అప్పుడు ఆ మనిషికి మీ షాపు గుర్తుకొస్తుందా? వచ్చి మీకు చెప్తాడా? అంటే మనకి తెలిసి ఏం కాలేదు, అంతవరకే చెప్పగలం.

కొత్త బ్లేడ్ వేస్తారు, మంచిది, అది ఎప్పటికీ మానొద్దు. తిరుమల కళ్యాణకట్టలో టోకెన్‌తో పాటు బ్లేడ్ భక్తుడి చేతికే ఇస్తారు చూడండి, మన షాపుల్లో కూడా కస్టమర్ కళ్ళ ముందే కవర్ చించాలి. కానీ ఆ బ్లేడ్ పెట్టే హోల్డర్? దాని సందులో పొద్దున్నించీ నలుగురి నురగ, వెంట్రుకలు, కంటికి కనపడనంత రక్తం ఉంటాయి. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. ఇంకోటి పటిక. గీసుకున్న చోట రుద్దుతాం కదా, అదే రాయి పొద్దున ఒకరి తెగిన చెంపకి, మధ్యాహ్నం ఇంకొకరి తెగిన చెంపకి. నన్నడిగితే షాపుల్లో ముందు పోవాల్సింది ఆ రాయే. పటిక పొడి చేసి కొంచెం నీళ్ళలో కలిపి దూదితో అద్ది, ఆ దూది పారేయండి, కస్టమర్‌కి మంట అదే ఉంటుంది, భయం ఉండదు.

ఇంక పొద్దున కలిపిన డెట్టాల్ నీళ్ళ మగ్గులో దువ్వెన ఒకసారి ముంచి తీసి వాడడం, అది శుభ్రం చేయడం కాదన్నా, తడపడం అంతే. పద్ధతి ఏందంటే ముందు వెంట్రుకలు, జిడ్డు సబ్బునీళ్ళతో బ్రష్ పెట్టి కడగాలి, మురికి పైన ఉంటే ఏ మందూ లోపలికి పోదు, ఆ తర్వాతే మందులో నానబెట్టాలి. సుమారు 5 శాతం ఉండే బ్లీచ్ అయితే ఒక భాగానికి 9 భాగాల నీళ్ళు కలిపి 10 నిమిషాలు, ఏ రోజుకారోజు కొత్తగా కలపాలి. ఇనుప సామాను దాంట్లో మరీ ఎక్కువ సేపు వదిలేస్తే తుప్పు పడుతుంది కాబట్టి టైం చూసి తీసి కడిగి ఆరబెట్టాలి. కటింగ్ మిషన్ నీళ్ళలో పెట్టలేం, దాని బ్లేడ్ల మధ్య బ్రష్‌తో దులిపి 70 శాతం స్పిరిట్ కొట్టి అది ఆరేదాకా ఆగాలి. పిల్లల తలల్లో తామర ఒకరి నుంచి ఒకరికి పాకేది ఈ మిషన్లు, దువ్వెనలు, మెడకి కట్టే గుడ్డ వల్ల కూడా. పెద్ద సెలూన్లలో నీలం లైటు పెట్టె ఉంటుంది చూడండి, అది కడిగి పెట్టిన సామాను దాచుకోడానికి పనికొస్తుంది, కడగని దువ్వెనని శుభ్రం చేయదు.

ఇవన్నీ కస్టమర్ కోసం అనుకుంటున్నారేమో, నేను ఎక్కువ ఆలోచిస్తాంది మీ వాడి ఒంటి గురించి. కస్టమర్ మీ దగ్గర నెలకి అరగంట కూర్చుంటాడు, వీడు 40 ఏళ్ళు ఆ కుర్చీ పక్కనే నిలబడాలి. రోజూ బ్లేడ్ పట్టుకునేవాడికి వేలు తెగకుండా ఉండదు, అందుకని ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు హెపటైటిస్ బి టెస్ట్ చేయించి టీకా వేయించండి, 3 డోసులు, మొదటిది వేసినాక నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. చిన్నప్పుడు వేయించినారేమో టీకాల కార్డు ఉంటే చూడండి. మీరు కూడా టెస్ట్ చేయించుకోండి అన్నా, ఒకవేళ పాజిటివ్ వచ్చినా కంగారు పడొద్దు, 2018లో మొదలైన నేషనల్ హెపటైటిస్ ప్రోగ్రాం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో టెస్టు, మందులు ఫ్రీ. రక్తం అంటిన బ్లేడ్‌తో వేలు తెగితే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, సబ్బునీళ్ళతో కడిగి ఆలస్యం చేయకుండా కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలి, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. వాడిన బ్లేడ్లు చెత్తబుట్టలో వేస్తే రేపు మున్సిపాలిటీ కార్మికుడి చెయ్యి తెగుతుంది, మందపాటి ప్లాస్టిక్ డబ్బాకి మూత మీద సన్న గీత కోసి దాంట్లో వేయండి.

చిన్న విషయం అనిపించేది ఇంకోటుంది, వేళ్ళ సందుల్లో కత్తిరించిన చిన్న వెంట్రుకలు ముల్లులాగ గుచ్చుకుని లోపలికి పోయి చీము పట్టడం. మీకూ అయ్యే ఉంటుంది. దీనికి డాక్టర్లు మన పని పేరే పెట్టినారు, బార్బర్స్ హెయిర్ సైనస్ అని. రోజూ సాయంత్రం వేళ్ళ సందులు బాగా కడిగి తుడుచుకుంటే సగం పోతుంది. హెయిర్ డై పనికి గ్లౌజులు వేసుకోవాలి, దాంట్లో పీపీడీ అనే కెమికల్ కొంతమందికి పడదు, కస్టమర్‌కి కూడా 48 గంటల ముందు చెవి వెనక కొంచెం పూసి చూడాలి. షాపు చిన్నదైతే మన ఎండల్లో తలుపు మూసి ఏసీ పెట్టుకుని జుట్టు స్ట్రెయిటెనింగ్ చేస్తారు, కొన్ని మందుల్లోంచి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, అది క్యాన్సర్ కారకం, కిటికీ తెరిచి పని చేయమనండి.

మెడ విరవడం గురించి చెప్పకుండా ఉండలేను. కటింగ్ అయినాక తలకి మసాజ్ చేసి టక్కుమని మెడ తిప్పుతాం, కస్టమర్లు కూడా అడిగి మరీ చేయించుకుంటారు, తెలుసు. మెదడుకి రక్తం తీసుకుపోయే నాళాల్లో కొన్ని మెడ ఎముకల్లోంచే పోతాయి, ఆ తిప్పుడికి లోపలి పొర చీలితే పక్షవాతం రావచ్చు. 2017లో ఢిల్లీ వైపు ఒకాయనకి సెలూన్లో మెడ విరిచినాక ఊపిరి తీసుకోడానికి పనిచేసే నరం దెబ్బతిన్నదని వార్తల్లో వచ్చింది, 2022లో హైదరాబాద్‌లో ఒకామె పార్లర్‌లో తల కడిగేటప్పుడు మెడ వెనక్కి వాల్చి ఉంచడం వల్ల స్ట్రోక్‌కి గురైంది. మసాజ్ చేయండి, మెడ తిప్పడం మాత్రం ఈరోజు నుంచే ఆపేయండి. అడిగినవాళ్ళకి "వద్దన్నా, ప్రమాదం" అని చెప్తే ఎవరూ కోపం చేసుకోరు.

ఇప్పుడు ట్రైనింగ్ సంగతి. పిల్లోడు చెప్పిన సెంటర్‌కి ఫీజు కట్టేముందు పోయి రెండు మాటలు అడగండి, పరీక్ష ఎవరు పెడతారు, సర్టిఫికెట్ మీద ఎన్‌సీవీఈటీ (స్కిల్ కోర్సుల్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉంటుందా లేదా. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ళ హెయిర్ స్టైలిస్ట్ కోర్సుల్లో పని చేసే చోట ఆరోగ్యం, భద్రత అని ఒక భాగం ఎట్లాగూ ఉంటుంది, దానికోసం వేరే ఫీజు అక్కర్లేదు. నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లోడు ఎక్కడో వేలకి వేలు కట్టి మూడు రోజులు వీడియోలు చూసి రంగు కాగితం తెచ్చుకున్నాడు, బ్లీచ్ ఎంత కలపాలని అడిగితే వాడికి తెలీదు. ఏడాది టైం పెట్టగలిగితే ఐటీఐలో కాస్మెటాలజీ ట్రేడ్ ఉంది, నన్నడిగితే బెంగళూరు, హైదరాబాద్ సెలూన్లలో ఉద్యోగం ఆలోచన ఉంటేనే అది. షాపులోనే ఉంటాడంటే చిన్న కోర్సు చాలు.

ఫీజు లేని దారి పీఎం విశ్వకర్మ, చేతివృత్తులవాళ్ళకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన స్కీము. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, 18 చేతివృత్తుల్లో మనదీ ఉంది. 5 నుంచి 7 రోజుల ట్రైనింగ్, రోజుకి 500 రూపాయలు స్టైపెండ్, సామానుకి 15,000 వోచర్, ఆ తర్వాత షూరిటీ లేకుండా 5 శాతం వడ్డీకి లక్ష లోను. కానీ ఇంటికి ఒక్కరికే, భార్యాభర్తలు, పెళ్ళికాని పిల్లలు కలిపి ఒక కుటుంబం కింద లెక్క. కాబట్టి మీరు తీసుకుంటే మీ వాడికి రాదు. నా సలహా అడిగితే మీ పేరు మీదే పెట్టండి అన్నా. ఇప్పుడు ఆ పని చేస్తున్నవాళ్ళకే ఆ స్కీము, 25 ఏళ్ళ షాపు మీది, లోను షాపుకే ఉపయోగం, ట్రైనింగ్‌కి కూడా మీరే పోయి కూర్చోండి, మీ వాడు స్కిల్ కౌన్సిల్ కోర్సు చేసి వస్తాడు, ఇద్దరూ ఒకే పద్ధతి తెలిసి ఉంటే షాపులో తండ్రీకొడుకుల మధ్య గొడవ ఉండదు. గత 5 ఏళ్ళలో ముద్ర లోను తీసుకుని ఇంకా బాకీ ఉంటే మాత్రం ముందు అది తీర్చాలి. ఆధార్, దానికి లింక్ అయిన ఫోన్, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు పట్టుకుని దగ్గర్లో ఉన్న సీఎస్సీ (కామన్ సర్వీస్) సెంటర్‌కి మీరే స్వయంగా పోండి, వేలిముద్ర వేయాలి కాబట్టి పిల్లోడిని పంపితే పని కాదు.