సిఫార్సు లేఖ ఎవరు రాయాలి?

ప్రశ్న: నేను ఈసీఈ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో ఎమ్మెస్‌కు దరఖాస్తు చేయడానికి మూడు సిఫార్సు లేఖలు కావాలి. మా హెచ్‌ఓడీ గారిని అడిగితే, "నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతాను" అన్నారు. ఆయన మాకు ఒక్క సబ్జెక్టు కూడా చెప్పలేదు. కన్సల్టెన్సీ వారు మూడు నమూనాలు ఇచ్చి, పేర్లు మార్చుకుంటే చాలంటున్నారు. అలా చేయవచ్చా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: చేయకండి. మన కళాశాలల్లో ఇది ఎంతగా అలవాటైపోయిందంటే, అడిగే విద్యార్థికి గానీ ఒప్పుకునే అధ్యాపకుడికి గానీ ఇందులో తప్పున్నట్టే తోచడం లేదు. మిమ్మల్ని తరగతిలోనూ ల్యాబ్‌లోనూ దగ్గరగా చూసినవారు మీ గురించి ఏమంటారో తెలుసుకోవడానికే విశ్వవిద్యాలయాలు ఈ లేఖలు అడుగుతాయి. దరఖాస్తులో, ఈ లేఖను చూసే హక్కును వదులుకుంటున్నారా అనే ప్రశ్న కూడా ఉంటుంది. 1974లో అమెరికాలో వచ్చిన చట్టం, విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కు ఇచ్చింది. దాన్ని వదులుకుంటే, లేఖ రాసినవారు మొహమాటం లేకుండా రాశారని చదివేవారికి నమ్మకం కలుగుతుంది. లేఖ మీరే రాసుకుని అక్కడ ‘వదులుకుంటున్నాను’ అని టిక్ పెడితే, ఆ టిక్ అబద్ధమవుతుంది.

హోదా చూసి ఎవరినీ అడగవద్దు. నేను చాలాకాలం ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. రాసిన లేఖల్లో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో ఒక అమ్మాయి 8086 కిట్ మీద పెద్ద సంఖ్యల కూడిక ప్రోగ్రాం నడుపుతుంటే, ఒకసారి జవాబు సరిగ్గా వచ్చేది, మరోసారి ఒకటి ఎక్కువ వచ్చేది. తోటివారు సరిగ్గా వచ్చిన జవాబును రికార్డులో రాసుకుని బస్సుకు వెళ్లిపోయారు. ఆ అమ్మాయి మాత్రం ఒక్కొక్క ఇన్‌స్ట్రక్షన్‌నే సింగిల్ స్టెప్‌లో నడిపి చూసుకుంటూ, కూడికకు ముందు క్యారీ ఫ్లాగ్‌ను (గత కూడికలో మిగిలిన ఒకటిని గుర్తుంచుకునే బిట్‌ను) సున్నా చేయకపోవడమే కారణమని పట్టుకుంది. లేఖలో నేను ఆ సాయంత్రం గురించే రాశాను. ‘క్రమశిక్షణ గల, కష్టపడే విద్యార్థి’ అన్న మాట ఎవరి గురించైనా రాయవచ్చు. ఈ సంగతి ఆ ల్యాబ్‌లో ఉన్నవారు తప్ప మరొకరు రాయలేరు. మీకు ఇలాంటి సాయంత్రం ఎవరి ఎదుట గడిచిందో ఆలోచించండి. ఆయన అసిస్టెంట్ ప్రొఫెసరే అయినా సరే, ఆయన్నే అడగండి. ప్రాజెక్టు గైడ్, ల్యాబ్ చెప్పినవారు, ఇంటర్న్‌షిప్‌లో పని చూసినవారు సాధారణంగా సరైనవారు.

అధ్యాపకుల ఇబ్బందిని కూడా మనం అర్థం చేసుకోవాలి. సెక్షన్‌కు అరవై మంది ఉన్నప్పుడు ఎవరు ఏం చేశారో రెండేళ్ల తర్వాత గుర్తుండటం కష్టం, అందుకే "నువ్వే రాసుకురా" అనేస్తారు. అలా అన్నప్పుడు, "సార్, లేఖ మీ మాటల్లోనే ఉంటే బాగుంటుంది, మీకు కావలసిన వివరాలన్నీ నేను ఇస్తాను" అని వినయంగా చెప్పి, ఒక పేజీ ఇవ్వండి. ఆయన చెప్పిన సబ్జెక్టు, సెమిస్టరు, మీ మార్కులు, ప్రాజెక్టులో మీ వంతు పని, బ్యాక్‌లాగ్ ఉంటే అది కూడా, విశ్వవిద్యాలయాల జాబితా, గడువు తేదీలు అందులో ఉండాలి. పొగడ్త ఒక్క మాట కూడా ఉండకూడదు. అయినా ఆయన కుదరదంటే, నమస్కారం పెట్టి మరొకరి దగ్గరకు వెళ్లండి.

చాలా గడువులు డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటాయి కాబట్టి అక్టోబరు మొదట్లోనే అడగండి; ఆ తర్వాత పరీక్షలు, వాల్యుయేషన్ మొదలైతే వారికి తీరిక దొరకదు. లేఖను అప్‌లోడ్ చేసే లింకును విశ్వవిద్యాలయం నేరుగా అధ్యాపకులకే పంపుతుంది. వారి కళాశాల ఈమెయిల్ చిరునామానే ఇచ్చి, లింకు స్పామ్‌లో పడిందేమో ఒకసారి చూడమని చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అమెరికాలో డిగ్రీకి దరఖాస్తు చేస్తోంది. కౌన్సెలర్ లేఖ కావాలంటున్నారు. మా జూనియర్ కళాశాలలో అలాంటి ఉద్యోగమే లేదు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: కౌన్సెలర్ లేనిచోట ప్రిన్సిపాల్ గారు ఆ పాత్రలో రాయవచ్చు. దానికి తోడు ఉపాధ్యాయుల లేఖలు విడిగా అడుగుతారు. అక్కడ మన ఎంపీసీ పిల్లలు ఒక పొరపాటు చేస్తారు: మ్యాథ్స్, ఫిజిక్స్ లెక్చరర్లను మాత్రమే అడుగుతారు. సాంకేతిక విద్యకు పేరుపడ్డ ఎంఐటీ వంటి సంస్థే రెండు లేఖల్లో ఒకటి గణితం లేదా సైన్సు చెప్పినవారి నుంచి, మరొకటి భాష, హ్యుమానిటీస్ లేదా సామాజిక శాస్త్రాలు చెప్పినవారి నుంచి కావాలంటుంది. ఇంగ్లీషో తెలుగో చెప్పే లెక్చరర్‌ను మీ అమ్మాయి ఈ వారమే కలిసి, తాను రాసిన ఏదైనా వ్యాసం చూపించి అడగమనండి.