సర్వర్‌లో రెండు డిఫాల్ట్ గేట్‌వేలు చేరితే ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉంటుంది

కర్నూలు నుంచి మీరు అడిగింది ఇది: ఉబుంటు సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు ఉన్నాయి. ఒకటి బ్రాడ్‌బ్యాండ్ రౌటర్‌కు, రెండోది సీసీ కెమెరాల రికార్డర్ ఉన్న రౌటర్‌కు. పక్క కంప్యూటర్లకు పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే చిన్న సందేశం) వెళ్తోంది. ఇంటర్నెట్ మాత్రం ఒకసారి రీబూట్ చేస్తే వస్తుంది, ఇంకోసారి రాదు. వెబ్‌సైటు పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌ను మార్చినా ప్రయోజనం లేదు.

డీఎన్ఎస్‌ను ప్రస్తుతానికి వదిలేయండి. గూగుల్‌కు చెందిన 8.8.8.8 అనే అంకెల చిరునామాకే పింగ్ అందకపోతే చిక్కు పేర్లలో లేదు, దారిలో ఉంది. ఆ పింగ్ ఏమంటోందో శ్రద్ధగా చదవండి. ‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అంటే రూట్ పట్టికలో (ఏ చిరునామాకు ఎటు పంపాలో రాసి ఉండే జాబితాలో) డిఫాల్ట్ దారే, అంటే బయటి చిరునామాలన్నిటికీ వాడే దారే, లేదు. మీ సర్వర్ చిరునామా నుంచే ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని వస్తే దారి ఉంది కానీ గేట్‌వే, అంటే బయటికి పంపే రౌటర్, ఏఆర్‌పీకి (‘ఈ అంకె ఎవరిది?’ అని స్థానిక నెట్‌వర్క్‌లో అడిగే పిలుపుకు) పలకడం లేదు. కేబుల్, గేట్‌వే అంకె సరిచూడాలి. ఏమీ అనకుండా ఊరుకుంటే ప్యాకెట్ ఎటో వెళ్లి తిరిగి రావడం లేదు. మీది ఈ మూడో రకమని నా అనుమానం.

అనంతపురంలో ఒక వేరుశనగ విత్తనాల గోదాములో అచ్చంగా ఇదే చూశాను. నేను వెళ్లేసరికి వాళ్లు ఇంటర్నెట్ ఇచ్చేవారితో పోట్లాడి రౌటర్ కూడా మార్పించుకున్నారు. ‘ఐపీ రూట్’ అని కొడితే ‘డిఫాల్ట్ వయా’ అనే వరుసలు రెండు కనిపించాయి: 192.168.1.1 ఒకటి, 192.168.0.1 ఇంకొకటి, రెండింటికీ మెట్రిక్ (దారి ప్రాధాన్యం చెప్పే అంకె) 100. రెండోది కెమెరాల రౌటర్. దానికి బయటి లైనే లేదు. అయినా డీహెచ్‌సీపీలో (కార్డులకు చిరునామాలు వాటంతటవే పంచే పద్ధతిలో) చిరునామా ఇస్తూ గేట్‌వేగా తన పేరే చెబుతుంది. మీ రాజవిహార్ సెంటర్‌లో నిలబడి, ఎవరు ఏ ఊరికి దారి అడిగినా తన ఇంటివైపే చెయ్యి చూపించే మనిషి లాంటిది అది. మెట్రిక్ తక్కువ ఉన్న దారిని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఎంచుకుంటుంది. రెండూ సమానమైతే పట్టికలో ముందున్నదే గెలుస్తుంది. రీబూట్‌లో ఏ కార్డు ముందు లేస్తుందో చెప్పలేం కనుక ఈ దోబూచులాట.

ఊహతో ఏదీ మార్చకండి. ఇంటర్నెట్ పోయిన సమయంలో ‘ఐపీ రూట్ గెట్ 8.8.8.8’ అని అడగండి, ఏ కార్డు నుంచి, ఏ గేట్‌వే ద్వారా పంపుతోందో కెర్నలే చెబుతుంది. కెమెరాల వైపు చూపిస్తే ‘ఐపీ రూట్ డెల్’తో ఆ డిఫాల్ట్ దారిని తీసేసి చూడండి. ఇది రీబూట్ దాకానే. శాశ్వతంగా కావాలంటే ఉబుంటు నెట్‌వర్క్ అమరికలుండే నెట్‌ప్లాన్ ఫైలులో ఆ కార్డుకు డీహెచ్‌సీపీ4-ఓవర్‌రైడ్స్ కింద యూజ్-రూట్స్‌ను ఫాల్స్ చేయండి. రికార్డర్ ఎప్పటిలాగే అందుతుంది, ఎందుకంటే సొంత సబ్‌నెట్‌కు (ఒకే వరుస చిరునామాలున్న నెట్‌వర్క్‌కు) గేట్‌వే అవసరం లేదు. రెండు రౌటర్లూ 192.168.1 వరుసలోనే ఉంటే మాత్రం ముందు ఒకదాని సబ్‌నెట్ మార్చాలి. దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో పని చేస్తుంటే ‘నెట్‌ప్లాన్ అప్లై’ బదులు ‘నెట్‌ప్లాన్ ట్రై’ వాడండి: 120 సెకన్లలో మీరు ఖాయం చేయకపోతే పాత అమరిక తిరిగి వస్తుంది.

రెండో దారికి మెట్రిక్ పెంచితే సరిపోదా అని ఎవరో అన్నారు. 4జీ రౌటర్‌ను అదనపు లైనుగా పెట్టుకున్నవారికి అది పనికొస్తుంది, అదీ సగమే. మొదటి కార్డు కేబుల్ ఊడితే రెండో దారికి మళ్లుతుంది కానీ, రౌటర్ వెలుగుతూ దాని వెనుక ఫైబర్ తెగితే మెట్రిక్‌కు ఆ సంగతి తెలియదు. దానికి పింగ్‌తో కాపలా కాసే స్క్రిప్టు కావాలి.

ఇంత చేసినా మారకపోతే ‘ఐపీ రూట్’, ‘ఐపీ రూల్’ (ఏ ప్యాకెట్‌కు ఏ పట్టిక వాడాలో చెప్పేది) ఫలితాలు రెండూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.